ఆవిరి ఇంజిన్ సంరక్షణ – 4వ పాఠం: బాయిలర్ కడగడం

రౌండ్‌హౌస్‌లో, అంటే ఇంజిన్లు నిలిపే గుండ్రటి షెడ్డులో, ఒక్కో ఇంజిన్ కింద గొయ్యి ఎందుకుంటుందో, పైన పొగగొట్టం ఎందుకు వేలాడుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఆ గోతిలోకి బురదనీళ్ళు వదులుదాం.

అమెరికా నిబంధన ప్రకారం 31 సర్వీసు రోజులకోసారి బాయిలర్ కడగాలి. పట్టాల మీద తిరిగిన రోజులే లెక్క అనుకునేరు. షెడ్డులో ఊరికే మంట వేసి, ఆవిరి కట్టి నిలబెట్టినా అది సర్వీసు రోజే. లాగ్‌బుక్కులో ఆ రోజులు రాయడం మరవొద్దు.

వేడిమీద నీళ్ళు వదిలేస్తే లోపలి బురద పొగ వెళ్ళే గొట్టాలకే ఎండి అట్టకడుతుంది. కాలుతున్న రేకుల మీద చన్నీళ్ళు కొడితే అవి ఒక్కసారిగా ముడుచుకుని గొట్టాల చివర్లు కారతాయి. అందుకే చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే ప్లగ్గులు (కడిగే రంధ్రాలకు బిగించిన మూతలు) విప్పండి. ఏ రంధ్రం ప్లగ్గు ఆ రంధ్రానికే పోవాలి కాబట్టి నంబర్లు వేసి వరసగా పెట్టుకోండి.

పైనుంచి కిందికి కడగాలి. ముందు ఫైర్‌బాక్స్ (మంట మండే గది) కప్పు, అంటే క్రౌన్ షీట్. తర్వాత గొట్టాల సందులు, చివరికి అడుగున మడ్ రింగ్, అంటే ఫైర్‌బాక్స్ చుట్టూ బురద దిగే అడుగు చట్రం, దాని మూలలు. అసలు చాకిరీ ఆ మూలల్లోనే. పైపు ధారకు కదలని పెళ్ళల్ని వంచిన ఊచతో గీకి మళ్ళీ నీళ్ళు కొట్టాలి. నీళ్ళు తేటగా వస్తున్నాయని ఆగొద్దు. ఒక రంధ్రంలో టార్చి వేసి పక్క రంధ్రంలోంచి చూడండి. గీజర్ కాయిల్‌కి పట్టేలాంటి తెల్లటి గార కనబడితే పని కానట్టే.

ఇక గేజ్ గ్లాస్, అంటే బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టం. అందులో కనిపించే అతి తక్కువ మట్టం కూడా క్రౌన్ షీట్‌కి కనీసం 3 అంగుళాలు పైన ఉండాలి. గ్లాసుకెళ్ళే దారి పూడితే మాత్రం ఆ మట్టాన్ని నమ్మడానికి లేదు. 1995 జూన్ 16న పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్ రైల్వే 1278 నంబరు ఇంజిన్‌లో నీళ్ళు తగ్గిపోయి క్రౌన్ షీట్ కాలి, మెత్తబడి, తెగింది. క్యాబ్‌లోని ముగ్గురికీ కాలిన గాయాలయ్యాయి. గ్లాసు దారుల్లో గార పేరుకుని ఉందని దర్యాప్తులో తేలింది.

అందుకే కడిగిన రోజే గ్లాసు కాక్‌లు (దారులు మూసే కుళాయిలు) విప్పి, దారుల్లో ఊచ దూర్చి శుభ్రం చెయ్యండి. ఆవిరి కట్టాక పరీక్ష: పై కాక్ మూసి డ్రెయిన్ తెరిస్తే కింది దారిలోంచి నీళ్ళు బలంగా చిమ్మాలి. తర్వాత కింది కాక్ మూసి, పైది తెరిస్తే ఆవిరి చిమ్మాలి. చివరికి రెండు కాక్‌లూ తెరిచి డ్రెయిన్ మూయండి, నీళ్ళు చటుక్కున పైకెక్కాలి.

అభ్యాసం: డ్రెయిన్ మూశాక నీళ్ళు బద్ధకంగా ఎక్కాయి. ఏ దారి పూడిందో తేల్చడానికి ముందు ఏ కాక్ మూస్తారు, ఎందుకు? జవాబు 5వ పాఠంలో, బాయిలర్‌లోకి నీళ్ళు నెట్టే ఇంజెక్టర్లతో పాటు.