వైర్‌లెస్ బార్‌కోడ్ స్కానర్ - 4వ పాఠం: బీప్ వచ్చింది, బిల్లు రాలేదు

గత పాఠం చివర "స్కానర్ పుస్తకంలో ఉన్న ఎంటర్ కోడ్‌ను ఒకసారి చదివించండి, పని అయిపోతుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ కోడ్ చదివిస్తే, ఆ తర్వాత స్కానర్ ప్రతి సరుకు కోడ్ చివరా తానే ఎంటర్ నొక్కుతుంది. ఆ వాక్యం పుణ్యమా అని వారం రోజులుగా నా ఫోను మోగుతూనే ఉంది. ఈసారి గోడౌన్ సరుకు లెక్క చెబుదామనుకున్నాను. అది తర్వాత. ముందు నేను పెట్టిన చిక్కు నేనే విప్పాలి.

కందుకూరులో ఒక కిరాణా కొట్టాయన మొదటి సబ్బు చదివించారు, బాగానే పడింది. రెండో సబ్బు చదివిస్తే దాని కోడ్ కొత్త వరుసలో పడకుండా మొదటి సబ్బు పక్కనున్న క్వాంటిటీ గడిలోకి వెళ్లి కూర్చుంది. సబ్బు ధర 38 రూపాయలు. కోడ్ 8901234567890 అనుకోండి (అసలుది వేరు, గుర్తుంటుందని ఇది వాడుతున్నాను). ఆ కోడ్ ఎంతో అన్ని సబ్బులు కావాలన్నారనుకుని కంప్యూటర్ 338 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు బిల్లు వేసింది. "మాస్టారూ, కొట్టుతో పాటు ఊరు మొత్తం అమ్మినా ఇది తీరేట్టు లేదు" అన్నారాయన.

తప్పు స్కానర్‌ది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. మూడో పాఠంలో మనం జత చేసిన పద్ధతిలో స్కానర్ అంటే కంప్యూటర్‌కు ఒక కీబోర్డు, అంతే. పదమూడు అంకెలు గబగబా కొట్టి చివర ఎంటర్ నొక్కుతుంది. కర్సర్ ఏ గడిలో ఉందో దానికి తెలియదు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో సరుకు గడి దగ్గర ఎంటర్ నొక్కితే కర్సర్ క్వాంటిటీకి వెళుతుంది. రెండో కోడ్ అక్కడ పడక ఇంకెక్కడ పడుతుంది?

కాబట్టి స్కానర్‌ను పక్కన పెట్టి, ఒక కోడ్‌ను చేత్తో కొట్టండి. ఎన్ని ఎంటర్లు నొక్కితే కర్సర్ తర్వాతి సరుకు గడికి వస్తుందో లెక్కపెట్టండి. రెండు అయితే స్కానర్ చివర రెండు ఎంటర్లు పెట్టుకోవాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో "బార్‌కోడ్ చదివితే క్వాంటిటీ 1" అనే ఎంపిక ఉంటే ఇంకా మంచిది, అప్పుడు ఒక్క ఎంటరే చాలు. ఎంటర్ కొడితే బిల్లు సేవ్ అయిపోయే చోట ట్యాబ్ పెట్టుకోండి. ఎంటర్, ట్యాబ్ కోడ్‌లు రెండూ పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్ని చదివించేటప్పుడు రెండోదాన్ని అరచేత్తో మూయండి. నేను ఆ పేజీలను జిరాక్సు తీయించి, కావలసిన కోడ్‌లను కత్తిరించి క్యాష్ డ్రాయరు మూత లోపల అంటించుకుంటాను.

ఇక బీప్ సంగతి. "బీప్ వచ్చింది మాస్టారూ, అయినా ఏమీ పడలేదు" అన్నవారే ఎక్కువ. చాలా స్కానర్లలో ఆ బీప్‌కు అర్థం "గీతలు నాకు అర్థమయ్యాయి" అని మాత్రమే. కంప్యూటర్‌కు అందిందని కాదు. అందుకే ప్రతి కౌంటర్ మీదా నేను నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి తెరిచి ఉంచుతాను, దానికి పలక అని పేరు. సాఫ్ట్‌వేర్‌లో పడలేదా, పలక మీద చదివించండి. అక్కడ పడితే స్కానర్ జోలికి పోకండి, కర్సర్ సంగతి చూడండి. అక్కడా పడకపోతే జత ఊడింది, లేదా పక్కనున్న మీ ఫోను దాన్ని లాక్కుంది. ఈ పరీక్ష చేయకుండా ఫోను చేసేవారికి నా మొదటి ప్రశ్న "పలక చూశారా?" అనే. ఇది నాలుగు సెకన్ల పని.

అయితే పలక మీద పడిందే వింతగా ఉంటే? నన్ను అన్నిటికన్నా విసిగించే తప్పు ఇది. ఒంగోలులో ఒక బట్టల కొట్టు. చీరలకు కంపెనీ కోడ్ ఉండదు కాబట్టి వాళ్లే లేబుళ్లు ముద్రించుకుంటారు: ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కె, ఎల్, పక్కన 204. ఉదయమంతా చక్కగా చదివింది. మధ్యాహ్నం నుంచి తెర మీద "ఖథ204" అని పడటం మొదలైంది. లేబుళ్లు చెడిపోయాయని మూడు వందల లేబుళ్లు మళ్లీ ముద్రించారు. అవీ "ఖథ". స్కానర్ మార్చారు. అదీ "ఖథ".

జరిగింది ఇది. కౌంటర్ దగ్గరి అమ్మాయి పెళ్లివారి బిల్లు మీద పేరు తెలుగులో కొట్టింది. కొట్టాక కీబోర్డును ఇంగ్లీషుకు మార్చలేదు. స్కానర్ పంపేది అక్షరాన్ని కాదు, ఏ మీట నొక్కాలో ఆ సంగతి. ఆ మీటను ఏ అక్షరంగా చదవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పెద్ద అక్షరం కావాలంటే స్కానర్ షిఫ్ట్ కూడా నొక్కుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో షిఫ్ట్‌తో కె మీట నొక్కితే ఖ, ఎల్ మీట నొక్కితే థ. అంకెలు మారవు కనుక సబ్బులూ బిస్కెట్లూ అమ్మే కొట్టులో ఇది బయటపడనే పడదు, అక్షరాలున్న లేబుళ్ల దగ్గరే బయటపడుతుంది. మీకు తెర మీద ఖ, ఘ, ళ కనిపించాయంటే లేబుల్‌ను అనుమానించకండి, తెర కుడివైపు అడుగున భాష గుర్తు చూడండి. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే మారుతుంది. విండోస్ సెట్టింగుల్లో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో భాష గుర్తుంచుకునే ఎంపిక ఉంది, అది పెట్టుకోండి. నన్నడిగితే లేబుళ్లలో అక్షరాలే వద్దు, ఉత్త అంకెలు వాడండి. ఆ కొట్టువాళ్లు ఒప్పుకోలేదు. కె ఎల్ యజమాని కూతురి పేరట.

మిగిలినవి గబగబా. కౌంటర్ మీద బ్లూటూత్ కన్నా స్కానర్‌తో వచ్చే చిన్న యుఎస్‌బి రిసీవరే నాకిష్టం, బ్లూటూత్‌ను ఫోనుకూ ట్యాబ్లెట్‌కూ ఉంచుకోండి. రిసీవర్‌ను సీపీయూ వెనక గుచ్చితే ఇనుప పెట్టె సిగ్నల్‌కు అడ్డు. యుఎస్‌బి 3 పోర్టు పక్కన పెడితే ఇంకో అడ్డు: రిసీవర్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ పోర్టు చేసే రేడియో రొద కూడా అక్కడే ఉంటుంది. మూరెడు ఎక్స్‌టెన్షన్ తీగతో ముందుకు తెచ్చుకోండి. పదమూడు అంకెల్లో ఒకటి రెండు మాయమవుతుంటే స్కానర్‌లో అక్షరానికి అక్షరానికి మధ్య విరామం కొంచెం పెంచండి, పాత కంప్యూటర్లకు ఆ వేగం అందదు. మందుల షాపువారికి ఒక మాట: 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ గానీ తప్పనిసరి. గీతలు మాత్రమే చదివే లేజరు స్కానర్ క్యూఆర్‌ను చదవదు, ఎన్నిసార్లు జత చేసినా చదవదు.

అభ్యాసం. బార్‌కోడ్ కింద పదమూడు అంకెలున్న నలభై సరుకులు తీసుకోండి. వరుసగా పలక మీద చదివించండి. ఒక్కొక్కదాని కింద ఉన్న పదమూడు అంకెలతో చేత్తో సరిపోల్చండి. చివరి అంకె, మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో పట్టిచ్చే తనిఖీ అంకె. తర్వాత దాన్ని కప్పి, మిగతా పన్నెండింటితో లెక్క కట్టండి. ఎడమ నుంచి బేసి స్థానాల్లో ఉన్నవి కూడితే మన సబ్బు కోడ్ 8901234567890లో 28. సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో హెచ్చిస్తే 102. మొత్తం 130. దాన్ని పదితో భాగించేలా చేయడానికి ఇంకేమీ కలపనక్కరలేదు కనుక చివరి అంకె 0. నలభైకీ ఇలాగే కట్టండి. ఎక్కడైనా తేడా వస్తే అంకెలు మింగుతున్నది స్కానరా, లెక్కలో జారింది మీరా తేల్చి, ఆ కాగితం దగ్గర పెట్టుకుని గోడౌన్ పాఠానికి రండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట గోడౌన్‌లో ఇనుప ర్యాకుల మధ్య స్కానర్ ఎన్నో అడుగు దగ్గర మూగబోయిందో అక్కడ చూద్దాం.