చలిదేశంలో మొదటి శీతాకాలం: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లినవారికి మేకప్ సూచనలు

మన వైపు మేకప్ అంటే చెమటతో పోరాటమే. సముద్రపు గాలికి పదకొండు గంటలకల్లా ముఖం జిడ్డోడుతుంది కాబట్టి మ్యాట్ ఫౌండేషను, దానిమీద కాంపాక్టు, చెదరని లిక్విడ్ లిప్‌స్టిక్ అలవాటైపోతాయి. చదువుకో, పెళ్లయ్యో కెనడాకో అమెరికా ఉత్తరాది రాష్ట్రాలకో వెళ్లి, డిసెంబరులో కూడా అవే వాడితే మధ్యాహ్నానికి ముక్కు పక్కల, నోటి చుట్టూ బూడిద రాసినట్టు పొరలు లేస్తాయి. అది చూసి కంగారుపడి మరికాస్త పౌడరు అద్దుతారు. ఉన్న కాస్త తడినీ ఆ పౌడరే పీల్చేస్తుంది.

అసలు దోషం బయటి మంచుది కాదు, ఇంట్లో హీటరుది. మైనస్ 10 డిగ్రీల గాలిలో ఉండే నీటి ఆవిరే చాలా తక్కువ. ఆ గాలి లోపలికొచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే తేమ 15 శాతం కంటే కిందికి పడిపోతుంది. తేమ చూపే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. గదిలో తేమ 30 నుంచి 40 శాతం ఉండేలా హ్యూమిడిఫయరు నడపండి. అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు కారి, గోడకు బూజు పడుతుంది. ఇక్కడ విజయనగరంలో దసరా తరవాత పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయ్యే రోజులకే అక్కడ చాలాచోట్ల హీటర్లు వేస్తారు. పద్ధతి మార్చుకోవలసింది అప్పుడే, పొరలు లేచాక కాదు.

మేకప్ నిలిచేదీ లేనిదీ స్నానాల గదిలోనే తేలిపోతుంది. పొగలు కక్కే నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. మొటిమలకని వాడే శాలిసిలిక్ ఫేస్‌వాష్, సున్నిపిండి నలుగు చలికాలానికి పక్కన పెట్టండి. నురగ రాని మెత్తటి క్లెన్సరు వాడి, తువ్వాలుతో తుడవకుండా అద్దుకోండి. ముఖం ఇంకా తడిగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే, క్రీము రాయాలి. గ్లిజరిన్, సెరమైడ్‌లు (చర్మంలోని తడి పోకుండా కాపాడే కొవ్వులు) ఉన్న చిక్కటి క్రీము మంచిది. గ్లిజరిన్ గానీ, తడిని పట్టి ఉంచే హయలురానిక్ సీరం గానీ ఒక్కటే రాసి వదిలేస్తే అంత ఎండిన గాలిలో తడి నిలవదు, పైన క్రీము మూత పడాల్సిందే.

తరవాత ఐదు నిమిషాలు ఆగండి. అందరూ తొందరపడేది ఇక్కడే. క్రీము ఇంకకముందే సన్‌స్క్రీను, దానిమీద వెంటనే ఫౌండేషను రుద్దితే అన్నీ కలిసి చిన్న చిన్న ఉండలు కట్టి రాలతాయి. ఫౌండేషను కింద రాసే సిలికాన్ ప్రైమరుంటే మరీ ఎక్కువ, కాబట్టి దాన్ని మానేయడమే మేలు. ఎండ లేదని సన్‌స్క్రీను మాత్రం మానకండి. కొత్తగా పడిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, రెండు వేళ్ల పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ పట్టించండి.

ఫౌండేషను పలచటి ద్రవరూపంలో ఉన్నది ఎంచుకోండి. ఒక్క పంపు చాలు. తడిపి పిండిన స్పాంజితో అద్దాలి, లాగకూడదు. ఇంట్లో మ్యాట్ సీసా మిగిలి ఉంటే పారేయక్కర్లేదు, అరచేతిలో బఠాణీ గింజంత క్రీముతో కలిపి వాడొచ్చు. పౌడరు ముక్కు మీద, నుదుటి మధ్యన మాత్రమే, అదీ బ్రష్‌తో. బుగ్గలకు క్రీమ్ బ్లష్ వాడండి. మధ్యాహ్నం పొర లేస్తే పౌడరు జోలికి పోకుండా, బియ్యపు గింజంత క్రీము రెండు వేలికొసల మధ్య వేడిచేసి ఆ చోట మెల్లగా నొక్కండి. రోజ్ వాటర్ చిలకరించి ఊరుకుంటే ఆరేటప్పుడు ఇంకా బిగుస్తుంది.

నాలుకతో పెదాలు తడుపుకోవడం మానాలి, అదే పగుళ్లకు మూలం. ముఖం పని మొదలుపెట్టేటప్పుడే పెట్రోలియం జెల్లీ రాసి, చివర్లో టిష్యూతో ఒత్తి తీసి, అప్పుడు క్రీమీ లిప్‌స్టిక్ వేయండి. పుదీనాలా చల్లగా తగిలే బామ్‌లు వద్దు. చలిగాలికి కళ్లు నీరు కారతాయి కాబట్టి కింది రెప్ప లోపలి కాటుక జారుతుంది, పై రెప్పకు వాటర్‌ప్రూఫ్ లైనరు చాలు.

స్టిక్కరు బొట్టు కింద దురదో తెల్లమచ్చో కనిపిస్తే ఆ రోజే ఆపేయండి. కొన్నింటి జిగురులో ఉండే రసాయనానికి అలా రంగు పోతుంది. కుంకుమ నిలవడానికి కింద చుక్కంత జెల్లీ సరిపోతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది, మొటిమలు వచ్చే ముఖానికి పడదు కూడా. కాళ్లకూ చేతులకూ వాడుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, పెట్టె సర్దేటప్పుడే చూసుకోవలసింది ఒకటుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు వెతకండి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ఆ చర్మానికి ఎండిన గాలి తగిలితే మంట, ఎరుపు, ఏ ఫౌండేషనూ నిలవదు. ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుంది కూడా. ఇప్పటికే వాడుతుంటే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చర్మవైద్యులకు చూపించి, వాళ్లు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. అక్కడికి వెళ్లాక స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.