పల్లెలో సాయంత్రం ట్యూషన్ ఎలా మొదలుపెట్టాలి?

తిరుపతిలో డిగ్రీ చదివేవాళ్లు, చిత్తూరులో చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు: "మా ఊళ్లో పేద పిల్లలకు సాయంత్రం పూట నాలుగు అక్షరాలు చెప్పాలనుంది, ఏమేం కావాలి?" డబ్బు పెద్దగా అక్కర్లేదు. రెండు చాపలు, ఒక బోర్డు, కొన్ని పలకలు, వారానికి అయిదు రోజులు తప్పకుండా వచ్చే ఒక మనిషి. దొరకనిది ఆ మనిషే.

ముందు చోటు చూసుకోండి. అందరూ భజన గుడి అరుగే చూపిస్తారు. లైటు, ఫ్యాను ఉంటాయి, నిజమే. కానీ ఎస్సీ కాలనీ పిల్లలు ఆ అరుగు ఎక్కడానికి జంకుతారేమో కనుక్కోండి. జంకేటట్టయితే కాలనీలోనే ఎవరి వసారాలోనైనా పెట్టండి. అక్కడికి మా పిల్లల్ని పంపం అని ఊళ్లోవాళ్లు అంటే అననీయండి.

వేళ మీ వీలును బట్టి కాదు, పాల వేళను బట్టి పెట్టాలి. సాయంత్రం ఆవుకు మేత వేసి, పాలు కేంద్రంలో పోసి వచ్చేది చాలా ఇళ్లలో పిల్లలే. పలమనేరు వైపు అడవి అంచు ఊళ్లలో ఏనుగుల భయం కూడా ఉంది కాబట్టి చీకటి పడకముందే ఇళ్లకు పంపేయండి. మొదలుపెట్టే ముందు ఇంటింటికీ వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. తలుపు తీసే ఉంచండి. పెద్దవాళ్లు ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి.

ఇక అసలు పని. మొదటి వారం పాఠం చెప్పొద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఆగిపోయారో చూడండి. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాలు, ఒక పేజీ కథ, ఈ వరసలో చదివించండి. కొందరు పాఠం గడగడా అప్పజెబుతారు. సంబరపడకండి. అదే పేజీలో మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడిగితే నోరు మెదపరు. అది కంఠతా వచ్చిందే గానీ చదువు కాదు.

లెక్కల్లో 52 లోంచి 17 తీసెయ్యమనండి. ఆరో తరగతి పిల్లలు కూడా కొందరు 45 అని రాస్తారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేస్తారు. తప్పు కొట్టి ఊరుకుంటే లాభం లేదు. చీపురు పుల్లల్ని పదేసి కట్టలు కట్టండి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి పదిహేడు ఇవ్వమనండి. కాసేపు తికమకపడి, వాళ్లే ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు పన్నెండు విడి పుల్లలు. మిగిలింది మూడు కట్టలు, అయిదు పుల్లలు. ఆ కట్ట విప్పే పని మాత్రం మీరు చేయకండి, ఎంత ఆలస్యమైనా.

ఇలా చూశాక తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేయండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు నడిపే పల్లె బడుల్లో ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలుంటారు. కార్డులు పెట్టుకుని ఎవరి మెట్టు దగ్గర వాళ్లు చదువుకుంటారు. మనం అట్ట ముక్కలతో అలాంటివి చేసుకోవచ్చు. ఏడో తరగతి పిల్లాడిని చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుపడతాడు. పలకలు పంచే పని అతనికి అప్పజెప్పండి.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు కొందరి ఇళ్లలో అరవం మాట్లాడతారు. ఆ పిల్లలకు తెలుగు మాటే తెలియకపోవచ్చు, దాన్ని మొద్దుతనం అనుకోకండి.

బడి టీచరును వెళ్లి కలవండి. ట్యూషన్ చెప్పమని మాత్రం అడక్కండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. ఏ పిల్లకు ఎక్కడ ఇబ్బందో అడగండి, చాలు. తినడానికి బొరుగులో, ఉడకేసిన చెనక్కాయలో పెడితే మంచిది. అయితే చదువయ్యాకే పెట్టండి.

మామిడి కోతల కాలంలో సగం మంది రారు. మానేశారని పేర్లు కొట్టేయకుండా వాళ్ల కార్డులు పక్కన దాచండి. కోతలు అయిపోయాక ఇంటికెళ్లి పిలిస్తే, ఏ కార్డు దగ్గర ఆగారో అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.