డిగ్రీ తర్వాత డిజైన్ పని – 4వ పాఠం: ఇడ్లీ విరిగింది

ఈసారి మొదటి జీతం ఎలా మాట్లాడుకోవాలో చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. మీరు పంపిన మెనూలు చూశాక జీతం దాకా వెళ్లే ధైర్యం రాలేదు.

గత పాఠంలో అడిగింది చిన్న పనే. మీ వీధి చివరి టిఫిన్ సెంటర్‌కి ఏ4 సైజులో తెలుగు మెనూ చేసి, దాన్ని పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీగా పెట్టమన్నాను. పోర్ట్‌ఫోలియో అంటే ఉద్యోగం కోసం చూపించే మీ పనుల పీడీఎఫ్. రంగులు బాగా కుదిరాయి. ఆవిరి కక్కే ఇడ్లీ ఫొటోలు చూస్తే ఆకలేసింది. ఫొటో పక్కన పేరు చూస్తే మాత్రం ‘ఇడ్‌లీ’. డ మీద పొల్లు, పక్కన విడిగా లీ. ఆ కింద పెసరట్‌టు, ఉప్‌మా, చట్‌నీ. ఒకరి మెనూలో పుణుగులు ఒక్కటే సరిగ్గా వచ్చింది, దానికి వత్తు లేదు కాబట్టి.

పంపినవాళ్లలో సగం మందికి పైగా ఇదే తప్పు చేశారు. బీకామ్ చేసి ఇటు వచ్చిన ఒకమ్మాయి అయితే, ‘సార్, ఫాంట్ పాడైనట్టుంది, వేరే ఫాంట్ చెప్పండి’ అని రాసింది. ఫాంట్‌ని తిట్టకండి, దాని తప్పేమీ లేదు.

జరిగేది ఇది. యూనికోడ్ అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే అక్షరాల పద్ధతి. యూనికోడ్‌లో మీరు ‘డ్లీ’ కొట్టినప్పుడు కంప్యూటర్ దాచుకునేది డ, పొల్లు, ల, గుడి దీర్ఘం. వాటిని కలిపి ల వత్తును డ కిందికి పంపే పని అక్షరాలు పేర్చే ఇంజిన్‌ది. పాత ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ వేసుకోగానే వచ్చే మామూలు సెట్టింగులో ఆ ఇంజిన్ తరచుగా ఇంగ్లిష్ కోసమే ఉంటుంది. దానికి వత్తు సంగతి తెలీదు. వచ్చినదాన్ని వచ్చినట్టు వరసగా నిలబెడుతుంది.

ఫొటోషాప్‌లో ఈ సెట్టింగ్ కనిపించే వెర్షన్ అయితే ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్ లోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో ఇది కనిపించదు, ఇంజిన్ తనే కలుపుకుంటుంది. ఇంకా పాత వెర్షన్లలో వరల్డ్ రెడీనే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అంటారు. తర్వాత కొత్త ఫైల్ తెరిచి అక్షరాలు మళ్లీ కొట్టండి. పాత ఫైల్‌లో ఉన్నవి వాటంతట అవి బాగుపడతాయని కూర్చోవద్దు. ఇలస్ట్రేటర్‌లో అవే ప్రిఫరెన్సెస్‌లో షో ఇండిక్ ఆప్షన్స్‌కి టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అదే చోట అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఉంటుంది. డబ్బు పెట్టలేనివాళ్లు ఇంక్‌స్కేప్ వాడండి, అందులో ఈ గొడవే లేదు.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, దీనికి నేను రొక్కం కట్టాను. విజయవాడలో ఒక ఫ్లెక్స్ షాపులో నా మొదటి ఉద్యోగం. గృహప్రవేశానికి పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు బ్యానర్. నా దగ్గర అంతా సరిగ్గానే ఉంది. ఫైల్‌ని అక్షరాలు అక్షరాలుగానే ఉంచి ప్రింటింగ్‌కి పంపాను. ముహూర్తం టైమ్ మార్చమని ఫోన్ వస్తే అక్కడి కుర్రాడు టెక్స్ట్ లేయర్ తెరిచాడు. వాళ్ల మెషిన్‌లో నా ఫాంటూ లేదు, ఈ సెట్టింగూ లేదు. తెల్లారి షామియానా ముందు ‘గృహప్‌రవేశం’ అని కట్టారు. ఇంటాయన ఏమీ అనలేదు, వాళ్ల బావగారు అన్నారు. అరవై చదరపు అడుగుల ఫ్లెక్స్ డబ్బు ఆ నెల నా జీతంలో కోశారు.

కాబట్టి ప్రింట్‌కి వెళ్లే ప్రతి ఫైల్‌లో అక్షరాలను గీతలుగా మార్చండి. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ, కోరెల్‌లో కంట్రోల్ క్యూ, ఫొటోషాప్‌లో కన్వర్ట్ టు షేప్. మార్చేముందు ఒక కాపీ దాచుకోండి. గీతలయ్యాక అక్షరదోషం దిద్దలేరు.

వత్తులు కలిసినవాళ్లు కూడా అప్పుడే కాలర్ ఎగరేయకండి. వరుసల మధ్య దూరం చూడలేదు మీరు. సాఫ్ట్‌వేర్ ఆటో అని ఇచ్చేది ఇంగ్లిష్ లెక్క: పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల వరుస. ఇంగ్లిష్‌లో గీత కిందికి దిగేది ఏ నాలుగైదు అక్షరాలకో. మనకు పైన గుడులు, కింద వత్తులు, ‘రాష్ట్రం’ లాంటి మాటలో వత్తు కింద ఇంకో వత్తు. ఒకరి మెనూలో పెసరట్టు కింది వత్తు వెళ్లి కింది వరుసలోని బజ్జీ గుడిని గుద్దింది. నేను పది పాయింట్లకు పదిహేనుతో మొదలుపెడతాను, ఫాంట్‌ని బట్టి అటూ ఇటూ జరుపుతాను. కొన్ని ఫాంట్లలో పైనా కిందా ఖాళీ ముందే ఎక్కువ ఉంటుంది, వాటికి అంత అక్కర్లేదు. కంటితో చూసి నిర్ణయించండి.

అక్షరాల మధ్య దూరం మాత్రం సున్నా దగ్గరే వదిలేయండి. ఇంగ్లిష్ పెద్దక్షరాలను ఎడంగా పరిస్తే ఖరీదైన కాఫీ షాపులా కనిపిస్తుంది. తెలుగుని అలా పరిస్తే వత్తు ఒక పక్కకి, అక్షరం ఒక పక్కకి పోతాయి. బోల్డ్ లేని ఫాంట్‌కి చుట్టూ స్ట్రోక్ వేసి లావు చేయడం ఇంకో జబ్బు. థ లో చుక్క పూడిపోయి ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. లావు కావాలంటే లావుగా గీసిన ఫాంటే తీసుకోండి. హెడ్డింగ్‌కి రామభద్ర, చదివే భాగానికి మండలి. రెండూ సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చినవే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, కమర్షియల్ పనికీ వాడుకోవచ్చు. నా పనిలో ఎక్కువ భాగం ఈ రెండింటితోనే గడిచిపోతుంది. ఒక్క పేజీలో ఐదు ఫాంట్లు వాడినవాళ్లకు సమాధానం రాయలేదు, గమనించే ఉంటారు.

‘డీటీపీ సెంటర్లలో అందరూ అనూ ఫాంట్లు వాడుతున్నారు, మాకు యూనికోడ్ ఎందుకు’ అని అడిగారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. అనూ ఫాంట్లలో వత్తు కూడా ఒక విడి అక్షరంగా, ఇంగ్లిష్ అక్షరం స్థానంలో కూర్చుని ఉంటుంది. కలిపే ఇంజిన్ అక్కర్లేదు. అందుకే 2001లో చివరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్‌లో కూడా చక్కగా నడుస్తుంది. కానీ ఆ మేటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో వేస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. శుభలేఖల షాపులో చేరాలంటే అనూ, దాని యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ నేర్చుకోవాల్సిందే, టైపింగ్ టెస్ట్ పెడతారు. యాడ్ ఏజెన్సీ, యూట్యూబ్ చానల్ థంబ్‌నెయిళ్లు, యాప్ కంపెనీ అయితే యూనికోడ్. నేను రెండూ నేర్చుకున్నాను. మనసు మాత్రం యూనికోడ్ వైపే, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ లేఅవుట్ మీదే.

మిగతా తప్పులు త్వరగా. ఫొటోషాప్ 90 శాతం వచ్చు, ఇలస్ట్రేటర్ 75 శాతం వచ్చు అని గీతలు గీసిన పేజీ తీసేయండి. ఫొటోషాప్‌లో ఆ మిగతా పది శాతం ఏమిటని అడిగితే ఏం చెప్తారు? పెద్ద పెద్ద కంపెనీల లోగోలు మళ్లీ గీసినవీ తీసేయండి, వాళ్లు మిమ్మల్ని అడగలేదు. పీడీఎఫ్ పది ఎంబీ దాటకూడదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని ఫోన్‌లో చూస్తారు, అదీ లిఫ్ట్‌లో. తెర మీది ఆర్‌జీబీ రంగులకూ అచ్చులోని సీఎంవైకే ఇంకులకూ తేడా నేను చెప్పను, ఆ మాత్రం మీకు తెలుసు. ఒక్క ముక్క: ఆర్‌జీబీలో నల్లగా కొట్టిన చిన్న అక్షరం సీఎంవైకేకి మారితే నాలుగు ఇంకులూ కలిసిన నలుపవుతుంది. అచ్చులో రంగు కాస్త జరిగినా అంచులు మసకబారతాయి. చిన్న అక్షరాలకు ఒక్క కె, అంటే నల్ల ఇంకు, నూరు శాతం ఇవ్వండి, మిగతా మూడూ సున్నా.

పోర్ట్‌ఫోలియోలో తెలుగు ఎందుకని ఇంకా అనుమానం ఉన్నవాళ్లకు: మా దగ్గర ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకు అరపేజీ తెలుగు మేటర్ ఇచ్చి, గంటలో యాడ్ చేయమంటాం. రియల్ ఎస్టేట్ వెంచర్‌దో, స్కూలు అడ్మిషన్లదో. ఇంగ్లిష్ పోస్టర్లు అద్భుతంగా చేసినవాళ్లు అక్కడ ‘రిజిస్ట్రేషన్’ అన్న మాట దగ్గర ఆగిపోతారు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది, పది రోజులు తీసుకోండి. అదే టిఫిన్ సెంటర్‌కి మళ్లీ వెళ్లండి. ఓనర్‌ని అడిగి, ఇప్పుడున్న బోర్డు ఫొటో తీసుకోండి. అందులో ఉన్న ప్రతి మాటా, ధరతో సహా, మూడు సైజుల్లో చేయాలి: ఏ4 మెనూ, ఆరడుగులు బై మూడడుగుల ఫ్లెక్స్, అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున 5184 బై 2592, ఫోన్‌లో పంపుకునే చతురస్రం, 1080 బై 1080. ఒకటి చేసి మిగతా రెండూ సాగదీస్తే నాకు తెలిసిపోతుంది.

ఏ4ని జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో ప్రింట్ తీయించి, టిఫిన్ సెంటర్ గోడకే అంటించండి. పదడుగులు వెనక్కి వచ్చి నిలబడండి. మిమ్మల్ని ఎరగని ముగ్గురిని, వాళ్లలో ఒకరు అరవై దాటినవాళ్లు, పైనుంచి కింద దాకా చదవమనండి. మీరు నోరు విప్పకూడదు. ఎవరు ఏ మాట దగ్గర ఆగారో పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఆ కాగితం ఫొటో కూడా ఫైళ్లతో పాటు పంపండి. చట్నీ మరకలున్నా ఫర్వాలేదు.