మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ యాత్ర ఎలా చేయాలి? ముందు ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చుకోండి

మనాలి–లేహ్ సైకిల్ యాత్ర అనగానే అందరికీ కాళ్లే గుర్తొస్తాయి. నెలల తరబడి జిమ్‌కి వెళ్తారు, ఆదివారాలు వంద కిలోమీటర్లు తొక్కుతారు, ఖరీదైన సైకిల్ కొంటారు. తీరా దారి మధ్యలోని సర్చు దాకా వెళ్లి, టెంట్‌లో వాంతులు చేసుకుని, తెల్లారి జీపెక్కి వెనక్కి వస్తారు. కాళ్లు సహకరించక ఆగిపోయినవాళ్లు నాకు తక్కువగా కనిపించారు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలో లెక్క వేసుకోక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఇందులో సైకిల్ గురించి తక్కువ, నిద్ర గురించి ఎక్కువ ఉంటుంది.

దారి సంగతి క్లుప్తంగా చెప్తాను. రోహ్తంగ్ మీదుగా వెళ్తే 470 కిలోమీటర్ల పైచిలుకు. మనాలి 2,050 మీటర్ల ఎత్తులో, లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మధ్యలో రోహ్తంగ్ (3,978), బారాలాచా లా (సుమారు 4,850), నకీ లా, లాచుంగ్ లా (5,000 పైనే), చివరికి టాంగ్లాంగ్ లా (5,328) అనే కనుమలు దాటాలి. పైన ఉండే ఈ కనుమలను చూసి భయపడకండి. కనుమ దగ్గర మీరు ఫొటో దిగి పది నిమిషాలు ఉంటారు. రాత్రంతా పడుకునే చోటు గురించి భయపడండి.

1. ఎప్పుడు, ఎవరితో

ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు. జులైలో కూడా జనం వెళ్తారు, కానీ అప్పుడు మనాలి వైపు వానలు, కొండచరియలు, పైన మంచు కరిగి రోడ్డు మీదికి వచ్చే వాగులు, వీటన్నిటికీ తోడు టూరిస్టు కార్ల దుమ్ము. సెప్టెంబరులో చలి కాస్త ఎక్కువే, దానికి స్వెటర్ ఉంది.

గైడ్‌తో వెళ్లండి. ఒంటరిగా వెళ్లి వచ్చినవాళ్ల వీడియోలు బాగుంటాయి, కాదనను. కానీ దారిలో వచ్చే దార్చా ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవడానికి లేదు, పైగా లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ లాంటివి ఉన్నాయి కదా అంటారేమో, మన దేశంలో అనుమతి లేకుండా అవి వాడటం నేరం.

టూర్ వాళ్లకు డబ్బు కట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి. మొదటిది, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? మీటర్లలో చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి. రెండోది, సపోర్ట్ వాహనం ఎవరి వెనక ఉంటుంది? చాలామంది ఒకే వాహనం పెట్టి, మధ్యాహ్నానికల్లా టెంట్లు వేయడానికి దాన్ని ముందుకు పంపేస్తారు. అంటే అందరికన్నా వెనకబడ్డవాడికి, బహుశా అప్పటికే ఒంట్లో బాగాలేనివాడికి, వెనక ఏ బండీ ఉండదు. వంట సామాను బండి వేరు, చివరి సైకిల్ వెనక వచ్చే బండి వేరు ఉండాలి. ఇందులో బేరం లేదు.

2. సైకిల్, సామాను

ముందు సస్పెన్షన్ ఉన్న మామూలు మౌంటెన్ బైక్ చాలు. వెనక కూడా సస్పెన్షన్ ఉన్నది తెచ్చి ఐదువేల మీటర్లకు ఆ బరువు మోయడం దండగ, ఈ దారిలో తారే ఎక్కువ. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, వెనక చక్రానికి పెద్ద పళ్ల చక్రం ఉన్న గేర్లు, 2.2 అంగుళాల టైర్లు. సైకిల్ అక్కడే అద్దెకు తీసుకున్నా సీటు, పెడల్స్ మాత్రం మీవి పట్టుకెళ్లండి. బట్టలు పొరలు పొరలుగా వేసుకునేలా, గాలి చొరబడని జాకెట్ ఒకటి, నిండు గ్లౌజులు, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. స్పేర్ బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు. ఇంతకు మించి ఈ విషయంలో నేను చెప్పేదేం లేదు.

3. రాత్రుల లెక్క

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి పీడనమే తగ్గిపోతుంది. టాంగ్లాంగ్ లా దగ్గర పీడనం సముద్ర మట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగం. దీనికి శరీరం అలవాటు పడుతుంది, కానీ రోజులు తీసుకుంటుంది. మీరు ఎంత ఫిట్‌గా ఉన్నారన్నదానికి దీనితో సంబంధం లేదు. నిజానికి ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లకే ముందు దెబ్బ తగులుతుంది, ఎందుకంటే కాళ్లు బాగున్నాయి కదా అని వేగంగా పైకి వచ్చేస్తారు.

పర్వతాల్లో పనిచేసే డాక్టర్లు చెప్పే నియమం సులభం. 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటుకన్నా ఇవాళ పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రాత్రి అదనంగా అదే ఎత్తులో గడపాలి. పగలు ఎంత పైకి ఎక్కి దిగినా పర్వాలేదు.

ఇప్పుడు మామూలుగా అమ్మే ప్యాకేజీ చూడండి. జిస్పాలో (3,200) ఒక రాత్రి, మర్నాడు సర్చులో (4,290). ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పైన! 2020లో రోహ్తంగ్ కింద నుంచి వెళ్లే అటల్ టన్నెల్ తెరిచాక ఇది ఇంకా దారుణమైంది, మనాలిలో టిఫిన్ చేసి బండిలో బయల్దేరితే మధ్యాహ్నానికి జిస్పాలో ఉంటారు, మర్నాడే పైకి. అందుకే పాత రోహ్తంగ్ దారే నాకిష్టం. దాదాపు నాలుగువేల మీటర్లు ఎక్కి, తిరిగి మూడువేల దగ్గరికి దిగి పడుకోవడంకన్నా మంచి అలవాటు ఇంకేముంటుంది.

నేను చెప్పే వరస ఇది. మనాలిలో రెండు రాత్రులు. రోహ్తంగ్ ఈవల మఢీ దగ్గర ఒకటి. కనుమ దాటి కీలాంగ్ లేదా సిస్సు. జిస్పాలో రెండు రాత్రులు, మధ్య రోజున దార్చా పైకి సామాను లేకుండా తొక్కి వెనక్కి రండి. తర్వాత పాట్సియో, దాదాపు 3,800. ఇది కాస్త నియమం దాటుతుంది, అందుకే జిస్పాలో రెండో రాత్రి. ఆ తర్వాత జింగ్‌జింగ్ బార్, సుమారు 4,270. అక్కడి నుంచి బారాలాచా దాటి సర్చు. సర్చు, జింగ్‌జింగ్ బార్ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి శరీరానికి అది రెండో రాత్రి కింద లెక్క.

పాట్సియోలో ఎందుకు ఆగడం, ఇరవై కిలోమీటర్లే కదా తొక్కాం, ఇంకా ఓపిక ఉంది అని గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అననివ్వండి. ఆగండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కొండజబ్బు (ఎత్తుకు శరీరం అలవాటు పడక వచ్చే జబ్బు) ముదిరితే ఖాయమైన మందు ఒకటే, కిందికి దిగడం. సర్చు దగ్గర దిగడానికి కింద అంటూ లేదు. వెనక్కి వెళ్లాలంటే 4,850 మీటర్ల బారాలాచా ఎక్కాలి, ముందుకెళ్లాలంటే 5,000 దాటిన లాచుంగ్ లా ఎక్కాలి. పాంగ్ (4,600) కూడా అంతే, అవతల టాంగ్లాంగ్ లా ఉంది. అంటే బారాలాచా దాటిన క్షణం నుంచి మీరు మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టే. నది మాత్రం జన్‌స్కార్ వైపు దిగిపోతుంది, రోడ్డు దాంతో పాటు పోదు.

కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సింది సర్చులో కాదు, జింగ్‌జింగ్ బార్‌లో. ఆ రాత్రి తలనొప్పి ఉండి, దానికి తోడు వికారమో, అన్నం సహించకపోవడమో, మనిషి మరీ నీరసించిపోవడమో ఉంటే పొద్దున బారాలాచా ఎక్కకండి. ఒక రోజు అక్కడే ఉండండి. తగ్గితే ముందుకు, తగ్గకపోతే జిస్పాకి వెనక్కి. ఒక్కరి కోసం గ్రూపంతా ఆగాలా అని మొహమాటపడి బాధ దాచిపెట్టేవాళ్లే నాకు అన్నిటికన్నా టెన్షన్. అందుకే ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోమంటాను. ఆ ఖాళీ రోజు లేని ప్యాకేజీ తీసుకోకండి, అది ఎంత చవకైనా సరే.

లక్షణాలు పైకి చేరిన వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి, కాబట్టి సాయంత్రం బాగున్నాను అన్నవాడి మాట పొద్దున మళ్లీ అడగాలి. రోజూ సాయంత్రం గైడ్ చేత ఒక పరీక్ష చేయించండి: నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తగిలేలా నడవాలి. తూలితే, లేదా మాటలు తడబడుతుంటే, అది మెదడులో నీరు చేరుతున్న సూచన. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, ఇవి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న సూచన. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా చూద్దాం అనకూడదు. ఆక్సిజన్ పెట్టి, బండిలో పడుకోబెట్టి, ఆ రాత్రే బయల్దేరాలి. దారి బాగాలేదు, చీకటి అని డ్రైవర్ అంటే దగ్గరలో ఉన్న ఆర్మీ క్యాంపుకైనా తీసుకెళ్లమనండి, పాంగ్‌లో ఉంది.

రాత్రి పక్కవాడు కొన్ని సెకన్లు ఊపిరి ఆపేసి, తర్వాత గబగబా పీల్చుకుంటుంటే మాత్రం కంగారుపడకండి. ఎత్తులో నిద్రలో చాలామందికి అలాగే జరుగుతుంది.

కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. డాక్టర్ని అడిగి, ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు వేసుకుని చూసి తీసుకెళ్లండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి. నివారణకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి, మూత్రం ఎక్కువవుతుంది, కూల్‌డ్రింక్ చప్పగా అనిపిస్తుంది, అదంతా మామూలే. ఇది లక్షణాలను కప్పిపుచ్చుతుంది అన్నది అపోహ, శరీరం త్వరగా అలవాటు పడటానికి సాయం చేస్తుంది, అంతే. అయితే మాత్ర వేసుకున్నాం కదా అని జిస్పా నుంచి సర్చుకి దూకడానికి అది లైసెన్స్ కాదు. నిద్రమాత్రలు, మద్యం రెండూ వద్దు. ఇక జేబులో కర్పూరం పెట్టుకుని వాసన చూసే అలవాటు ఒకటుంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందేమో గానీ రక్తంలో ఆక్సిజన్ పెరగదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా అంతంతమాత్రమే. చల్లబడ్డ వేలికి పెడితే తప్పు అంకె చూపిస్తుంది, ఆ అంకె చూసి బాగున్నవాడు కూడా మంచం పడతాడు. మనిషిని చూడండి.

4. ఎక్కేటప్పుడు

పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే తొక్కండి. మాట తెగిపోతుంటే గేరు తగ్గించండి, గేర్లు అయిపోతే దిగి నడవండి, సైకిల్ తోసుకుంటూ నడవడం నామోషీ కాదు. సర్చు తర్వాత 21 మలుపుల గాటా లూప్స్ వస్తాయి. వాటికి ముందు, నది పక్కన, సర్చుకన్నా కొంచెం కిందే క్యాంపు వేసుకోగలిగితే మర్నాడు నకీ లా, లాచుంగ్ లా రెండూ దాటి పాంగ్ చేరడం తేలికవుతుంది. లూప్స్‌లో అడ్డంగా కోసుకుపోయే కాలిబాటలు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. ఆకలి వేయదు, అయినా గంటకోసారి ఏదో ఒకటి తినండి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, అందులో కొంత ఓఆర్ఎస్ కలిపి.

రోడ్డు మీద వాగులుంటే పొద్దున్నే దాటాలి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు రెట్టింపవుతాయి.

5. దిగేటప్పుడు

బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వదిలేసి, మళ్లీ పట్టండి. అలా కాకుండా గంటసేపు సగం నొక్కి పెడితే ప్యాడ్లు కాలిపోయి, సరిగ్గా అవసరమైన చోట పట్టవు. కనుమ మీద చెమట ఆరకముందే జాకెట్, గ్లౌజులు వేసుకోండి, దిగడం మొదలుపెట్టాక వేళ్లు మొద్దుబారితే బ్రేకు నొక్కడానికే రావు. మలుపు దగ్గర ట్రక్కు కనిపిస్తే కొండ వైపు ఆగిపోండి, లోయ వైపు కాదు.

6. లేహ్ చేరాక

పాంగ్ తర్వాత మోరే మైదానం చదునుగా ఉంటుంది కానీ మధ్యాహ్నం ఎదురుగాలి చంపేస్తుంది, కాబట్టి అక్కడ చీకటితోనే లేవండి. డెబ్రింగ్‌లో ఒక రాత్రి పడుకుని టాంగ్లాంగ్ లా దాటితే రుమ్‌ట్సే, ఉప్షి మీదుగా సింధు ఒడ్డునే లేహ్ చేరతారు. ఉప్షి నుంచి ట్రాఫిక్ ఎక్కువ, వరసగా ఒకరి వెనక ఒకరు వెళ్లండి.

లేహ్ పైన ఉండే ఖర్‌దుంగ్ లా కనుమ కూడా తొక్కాలని ఉంటే లేహ్‌లో ఒక రోజు విశ్రాంతి తీసుకుని, సామాను లేకుండా పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోండి. పైన బోర్డు మీద పాతకాలం నుంచీ 18,380 అడుగులు అని రాసి ఉండేది, జీపీఎస్ కొలతల్లో తేలింది 5,359 మీటర్లే, అంటే 17,600 అడుగులకు దగ్గర్లో. బోర్డు పక్కన ఫొటో దిగండి, కానీ ప్రపంచంలో ఎత్తైన రోడ్డు ఎక్కానని ఎవరితోనైనా అంటే తూర్పు లద్దాఖ్‌లో ఇంతకన్నా ఎత్తులో ఉన్న ఉమ్లింగ్ లా రోడ్డు సంగతి తెలిసినవాడు ఒకడు తప్పకుండా తగులుతాడు.