పైపూత కింద చూశాకే మరమ్మతు: నాసిరకం పనిని సరిచేసుకునే పద్ధతి

తక్కువ కూలికి వస్తామన్నారని పని తెలియని వారితో చేయించిన మరమ్మతు ఎక్కువ కాలం దాగదు. పోయిందనుకున్న చెమ్మ మరక మళ్లీ తేలుతుంది, స్నానాల గదిలో నీరు జాలీ వైపు పోకుండా మూలన నిలుస్తుంది, కొత్తగా పరిచిన టైలు కాలు మోపితే టకటకమంటుంది. అప్పుడు మరొకరిని పిలిపించి పాత పని మీదే ఇంకో పూత వేయించడం అందరికీ తోచే ఉపాయం. మా ఇంట్లో ఒక గోడకు నేను అలాగే మూడుసార్లు పుట్టీ పెట్టించాను. నాలుగోసారి గిలాబు (గోడ మీది సిమెంటు పూత) చెక్కించి చూస్తే, లోపలి గొట్టం అతుకు దగ్గర నీరు చుక్క చుక్కగా ఊరుతోంది. గొట్టాన్ని వంకరగా కోసి, సాల్వెంట్ (గొట్టాలను అతికించే జిగురు) ఒక పక్కనే పూసి దూర్చిన గుర్తు స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత నుంచి నేను పాటిస్తున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. పైకి కనిపించే లోపాన్ని కప్పే ముందు, దానికి కారణమైన చోటు బయటపడేదాకా విప్పి చూడాలి.

విప్పడానికి కూడా ఒక వరుస ఉంది. ప్రాణానికి ముప్పు తెచ్చేవి మొదట, నీటికి సంబంధించినవి తర్వాత, అందానికి సంబంధించినవి చివర. ఈ వరుస తప్పితే రంగు వేసిన గోడను మళ్లీ పగలగొట్టవలసి వస్తుంది.

కాబట్టి కరెంటు పనితో మొదలుపెట్టండి. స్విచ్ బోర్డు తాకితే వెచ్చగా ఉండటం, ప్లగ్గు పెట్టగానే చిటపటలాడటం, కాలిన వాసన రావడం, నీటి కుళాయి ముట్టుకుంటే జివ్వుమనడం వంటివి ఏవి ఉన్నా ఉపేక్షించకూడదు. కరెంటు ఉన్న చోట టెస్టర్ వెలుగుతుందని ముందే చూసుకుని, మెయిన్ స్విచ్ ఆపి, అదే టెస్టర్‌తో మళ్లీ చూశాకే బోర్డు మూత విప్పాలి. చేయి తిరగని వారు బిగించిన బోర్డులో తీగ తొడుగును అవసరానికి మించి ఒలిచి వదిలేసి ఉంటారు, లేదా రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టి గోడలోనే పూడ్చేసి ఉంటారు. ఎర్త్ తీగను అసలు బిగించకపోవడం వీటన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది పైకి తెలియదు. దీపం వెలుగుతుంది, ఫ్రిజ్ నడుస్తుంది. వాటర్ హీటర్ లోపలి తీగ దెబ్బతిన్న రోజున మాత్రం పైనున్న లోహానికి చేరిన కరెంటు నేలలోకి పోయే దారి లేక, ముట్టుకున్న మనిషి గుండా పోతుంది.

బ్రేకర్ మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది పెట్టి వెళ్లేవారు కూడా ఉంటారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు సాధారణంగా 10 ఆంపియర్ల బ్రేకర్ పెడతారు. అక్కడ 32 ఆంపియర్లది బిగిస్తే భారం ఎక్కువైనా బ్రేకర్ పడదు, గోడలోని తీగ కాలుతుంది. ఈ లోపాలను కనిపెట్టడం వరకే ఇంటివారి పని. సరిచేయడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. ఆయన పని ముగించాక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకో మనిషి గుండానో లీకైతే సరఫరాను వెంటనే ఆపే స్విచ్) ఉందో లేదో అడిగి, దాని మీది టెస్ట్ బటన్‌ను మీ ఎదుటే నొక్కించండి. నొక్కగానే అది పడిపోకపోతే మార్పించండి.

గొట్టాల కోసమో తీగల కోసమో గాడి కొట్టేటప్పుడు దూలాన్నో స్తంభాన్నో చెక్కి, లోపలి ఇనుప చువ్వను కోసేసిన సందర్భాలు ఉంటాయి. అలాంటి చోట సిమెంటు నింపి నునుపు చేయిస్తే బలం తిరిగి రాదు. దాన్ని తెరిచే ఉంచి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. గోడలో పగులు ఉంటే దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. సన్నని పగులు నెలల తరబడి అక్కడే ఆగితే అది గిలాబు ఎండుతూ కుంచించుకుపోయినందువల్ల వచ్చినదై ఉండవచ్చు. గీత దాటి సాగుతున్నా, తలుపు మూల నుంచి ఏటవాలుగా పాకుతూ వెడల్పవుతున్నా ఇంజనీరును పిలవడంలో ఆలస్యం చేయకూడదు.

నీటి దగ్గర ఓపిక ఎక్కువ కావాలి, ఎందుకంటే మరక తేలే చోటు, నీరు పుట్టే చోటు చాలాసార్లు ఒకటి కావు. ముందుగా చెమ్మ గోడ లోపలి నుంచి వస్తోందో, గదిలోని తేమే చల్లని గోడ మీద చేరుతోందో తేల్చుకోవాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ముక్కను మరక మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. గోడను ఆనుకున్న వైపు నీటి బిందువులు పడితే నీరు గోడలో ఉంది; గది వైపు పడితే ఆ గదికి గాలి ఆడే ఏర్పాటు చాలదు. తర్వాత కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకెను రాసుకోండి. ఎక్కడా నీరు వాడకుండానే రెండు గంటల్లో అంకె కదిలితే నీటిని తెచ్చే గొట్టమో, దానికి బిగించిన కుళాయో ఫ్లష్ ట్యాంకో కారుతోంది. అంకె కదలకుండా, స్నానం చేశాకే మరక తడిస్తే దోషం మురుగు గొట్టంలోనో నేలలోనో ఉందని అనుమానించాలి.

నేల మీద అనుమానం ఉంటే, జాలీకి బిరడా బిగించి, రెండున్నర సెంటీమీటర్ల లోతున నీరు నిలిపి, మట్టం దగ్గర గోడ మీద గీత గీసి 24 గంటలు చూడాలి. ఆవిరయ్యే కొద్దిపాటి నీటికి మించి మట్టం దిగినా, కింది కప్పులో తడి కనిపించినా టైళ్ల కింది వాటర్‌ప్రూఫింగ్ పని చేయడం లేదు. అలాంటి నేలకు టైళ్ల సందుల్లో తెల్ల సిమెంటు రుద్దితే కొన్నాళ్లు ఆగినట్టు కనిపిస్తుంది, అంతే. టైళ్లు తీసి, నేల వాటం (నీరు జారే వాలు) సరిచేసి, వాటర్‌ప్రూఫ్ పూతను గోడల మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించి, కొత్త టైళ్లు పరచక ముందే మళ్లీ నీరు నిలిపి పరీక్షించాలి. వాటం మీటరుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున జాలీ వైపు ఉంటే సరిపోతుంది. రసమట్టం లేకపోయినా, ఒక చెంబు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూస్తే తెలుస్తుంది. వేడి నీటికి మామూలు పీవీసీ గొట్టం వేశారేమో కూడా చూడండి. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన నీటికి అది పనికిరాదు, మెత్తబడి అతుకులు వదులుతుంది. అక్కడ వేడిని తట్టుకునే సీపీవీసీ గొట్టం, దానికి సరిపడే సాల్వెంట్ ఉండాలి. కొత్త అతుకులన్నిటినీ పంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షించేదాకా గాడి పూడ్చనివ్వకండి.

టైళ్ల పనిని పరీక్షించడానికి ఒక నాణెం చాలు. ప్రతి టైలునూ నడుమన, నాలుగు మూలలా నాణెం అంచుతో మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా కూర్చున్న చోట శబ్దం పొట్టిగా ఆగిపోతుంది. డొల్లగా ఉన్న చోట ఖాళీ కుండను తట్టినట్టు మోగుతుంది. నేను అలా గుర్తు పెట్టిన ఒక టైలును ఎత్తించి చూసినప్పుడు దాని కింద నాలుగు మూలలా, నడుమన కలిపి ఐదు సిమెంటు ముద్దలు మాత్రమే ఉన్నాయి. మిగిలిన జాగా అంతా గాలి. ఆ ముద్దలు కూడా నేలకే మిగిలిపోయి, టైలు వెనక వైపు పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు శుభ్రంగా ఉంది. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు కాబట్టి సిమెంటు పాలు దానిలోకి ఇంకి పట్టుకోలేవు. దానికి టైల్ అడ్హెసివ్ వాడి, పళ్ల తాపీతో గీతలు తీసి, టైలును కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ ఒత్తి కూర్చోబెట్టాలి. మొదటి టైలును అతికించిన వెంటనే ఎత్తి చూపమనండి. వెనక భాగమంతా నిండుగా అంటి ఉంటేనే మిగతావి పరచనివ్వండి. అలమరా కింద ఒకటి రెండు డొల్ల టైళ్లు ఉంటే వాటి జోలికి పోనవసరం లేదని నా అభిప్రాయం. తడి తగిలే చోట ఉన్నవీ, గోడ మీద ఎత్తులో ఉన్నవీ మాత్రం తీయించవలసిందే. మొదటి వాటి కింద నీరు చేరుతుంది, రెండోవి మనిషి మీద పడతాయి.

గిలాబును కూడా ఇలాగే తట్టి చూడాలి. డొల్ల శబ్దం ఆగిపోయి గట్టి శబ్దం వచ్చేదాకా చెక్కించి, అంచులను నిటారుగా కోయించి, ఇటుకల సందుల్లోని సిమెంటును సెంటీమీటరు లోతున గీకించి, దుమ్ము కడిగి, గోడను తడిపాకే కొత్త మాలు వేయించండి. ఒక్క దఫాలో 15 మిల్లీమీటర్ల మందానికి మించకూడదు. కలిపి చాలాసేపు వదిలేసిన మాలుకు మళ్లీ నీళ్లు చేర్చి వాడటం చాలా చోట్ల జరుగుతుంది. అలా వేసిన గిలాబే చేత్తో రుద్దితే ఇసుకలా రాలుతుంది. సిమెంటు గిలాబుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. కూలి వారు రోజూ వచ్చి ఆ పని చేయరు కాబట్టి అది ఇంటివారే చూసుకోవాలి.

రంగు ఊడటం చాలావరకు ఆరని గోడ వల్లే కాబట్టి కొత్త గిలాబుకు 28 రోజులు గడిచాకే రంగు వేయించడం మంచిది. తెల్లగా పొడి తేలిన చోట దాన్ని పొడి బ్రష్‌తో దులిపించి, లోపలి తడి ఆగిందని రూఢి చేసుకున్నాకే పుట్టీ పెట్టించండి. తలుపు నేలకు రాస్తుంటే చెక్కను చిత్రిక పట్టించే ముందు బందుల మరలు వదులయ్యాయేమో చూడండి.

రెండోసారి మనుషులను కుదుర్చుకునేటప్పుడు, వారు ఏడాది కిందట చేసిన పనిని చూపమని అడగండి. నిన్న ముగించిన పని ఎవరు చేసినా బాగానే కనిపిస్తుంది. డబ్బు రోజుల లెక్కన కాకుండా దశల లెక్కన ఇవ్వండి, ఒత్తిడి పరీక్ష, నీరు నిలిపే పరీక్ష కూడా ఆ దశల్లో ఉండేలా ముందే కాగితం మీద రాసుకోండి. మొదట వచ్చినవారికి బహుశా ఈ పని ఎవరూ నేర్పి ఉండరు, మనమూ కూలి ఎంతని తప్ప పని ఎలా చేస్తారని అడిగి ఉండం. గోడ పూడ్చే ముందు, గొట్టాలూ తీగలూ పోయే దారి నేల నుంచి, మూల నుంచి ఎంత దూరంలో ఉందో తెలిసేలా కొలత టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. వాటిని గది పేరుతో దాచిపెట్టి, ఆ గోడకు మేకు కొట్టబోయే వారెవరైనా ముందు వారికి చూపించండి.