హిందీ రాని అమ్మతో ‘సుజాత’ చూడాలంటే

మా చెల్లి వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ మాట ఎత్తితే చాలు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ టెన్షన్‌లోనే ఆమెను కూర్చోబెట్టి బిమల్ రాయ్ తీసిన ‘సుజాత’ చూపించాను. మొదటిసారి కుదరలేదు. రెండోసారికి ఎలా చూపించాలో తెలిసింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పరిస్థితి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ఇది 1959 నాటి నలుపు తెలుపు సినిమా. రెండున్నర గంటలు దాటుతుంది కాబట్టి రెండు సాయంత్రాలు పెట్టుకోండి. సుజాతకు తన పుట్టుక సంగతి తెలిసే చోట మొదటి రోజు ఆపేస్తే సరిపోతుంది. గొడవకు కారణమైన అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఆ గదిలో ఉండకూడదు. ఉంటే పెద్దవాళ్ళు తమను నిలదీయడానికే ఇదంతా అనుకుంటారు. మా చెల్లిని ఆ రెండు రోజులూ పిన్ని వాళ్ళింటికి పంపేశాను.

ముందుగా కథ కొంచెమే చెప్పండి. ఇంజనీరు ఉపేంద్రనాథ్, అతని భార్య చారు. కూలీల్లో కలరా వచ్చి తల్లిదండ్రులు పోయిన ఒక పసిపాప వీళ్ళ ఇంటికి చేరుతుంది. ఆ పాపే సుజాత, పుట్టింది అంటరానివాళ్ళన్న కులంలో. సొంత కూతురు రమతో పాటే పెరుగుతుంది. రమకు అనుకున్న అధీర్ సుజాతను ఇష్టపడతాడు. ఇంతే. ముగింపు చెప్పకండి.

తర్వాత రెండు హిందీ మాటలు నేర్పండి. ‘బేటీ’ అంటే కూతురు, ‘బేటీ జైసీ’ అంటే కూతురులాంటిది. రమను పరిచయం చేసేటప్పుడు చారు నోట ‘బేటీ’ అని వస్తుంది, సుజాత దగ్గరికి వచ్చేసరికి ‘బేటీ జైసీ’ అవుతుంది. చారు చెడ్డది కాదు, పెంచింది, ప్రేమ కూడా ఉంది. అయినా ఆ ‘లాంటిది’ని వదల్లేదు. సినిమా అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుందని నా నమ్మకం. మా అమ్మ ఆ మాట వినబడ్డప్పుడల్లా “మళ్ళీ అంది” అనేది. మిగతా హిందీ ఆమెకు అక్కర్లేకపోయింది.

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. ప్రతి డైలాగూ తెలుగులో చెబుతూ పోయాను. అమ్మ తెర వైపు కాకుండా నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. సుజాతగా చేసిన నూతన్ ఈ సినిమాలో చాలా తక్కువ మాట్లాడుతుంది, చెప్పాల్సిందంతా కళ్ళతో చెబుతుంది. ఆ ఏడాది ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ ఆమెకు ఊరికే రాలేదు. ముఖ్యంగా ఫోన్ పాట. అధీర్‌గా చేసిన సునీల్ దత్ ఫోన్‌లో పాడుతుంటాడు, తలత్ మహమూద్ గొంతు. ఇటువైపు నూతన్ రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడి ఉంటుంది. బదులు చెప్పదు, పెట్టేయదు, కళ్ళు నిండుతాయి. ఆ పాట జరుగుతున్నంతసేపూ నోరు మెదపకండి. అర్థం కావాలంటే తర్వాత చెప్పొచ్చు.

సినిమాలో టాగూర్ ‘చండాలిక’ నృత్యం వచ్చే చోట మాత్రం ఆపండి. బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఒక చండాల పిల్లను మంచినీళ్ళు అడిగే కథ అది. నేను ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. కాసేపటికి అమ్మ తనంతట తానే అమ్మమ్మ వాళ్ళ పెరట్లో చూరు కింద బోర్లించి ఉండే సత్తు గ్లాసు గురించి చెప్పింది. పొలం పనికి వచ్చిన మనిషి తానే దాన్ని తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలట. ఇన్నేళ్ళలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

“ఆ రోజులే అంతలే” అని ఎవరైనా తేల్చేయబోతే చెప్పడానికి రెండు సంగతులు గుర్తుంచుకోండి. అంటరానితనం నేరమని చట్టం 1955లోనే వచ్చింది, ఈ సినిమా దాని తర్వాతది. కులం దాటిన ప్రేమ కథతో మన తెలుగులోనే గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ తీశారు. మా నాన్నకు ఈ రెండో సంగతే బాగా పట్టింది.

ముగింపులో చారు మెట్ల మీద నుంచి పడుతుంది, రక్తం కావాలి, సుజాత రక్తమే సరిపోతుంది. అప్పుడు గానీ ‘జైసీ’ పోదు. నాకు ఈ ముగింపు ఎప్పుడూ ఇబ్బందే. ఆ పిల్ల కూతురు అనిపించుకోవడానికి రక్తం ఇవ్వాల్సి రావడం ఏంటని. నేను అనేలోపే అమ్మ అంది: “ఆ రక్తం కలవకపోయుంటే?”

జవాబు చెప్పకుండా టీవీ ఆపేశాను. మీరూ ఆ రాత్రి పెళ్ళి మాట ఎత్తకండి. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ అమ్మే అడిగింది, “ఆ అబ్బాయికి అమ్మ ఉందా?” అని.